ముల్లు వంద దాటితే: పాఠకుల ప్రశ్నలు, ఆటోనగర్ జవాబులు

(జవాబులు ఇస్తున్నది విజయవాడ ఆటోనగర్‌లో చాలా ఏళ్లు పెట్రోలు కార్ల షెడ్డు నడిపి, ఇప్పుడు పటమటలో ఉంటున్న పెద్దాయన. ఈసారి స్పీడు మీద వచ్చిన ఉత్తరాలే తీసుకున్నాం.)

*మా నాన్న తన ఫియట్ పద్మినిలో విజయవాడ నుంచి గుంటూరుకు 120 మీద వెళ్లేవాణ్నని చెబుతారు. ఆ డబ్బా 80 దాటదని మా అన్నయ్య అంటాడు. పండక్కి అందరం కలిస్తే ఇదే గొడవ. ఎవరు రైటు?*
*డిగ్రీ విద్యార్థిని, గుంటూరు*

అమ్మాయీ, మీ అన్నయ్యది తప్పు. మీ నాన్నగారిది పూర్తిగా ఒప్పు కాదు. పద్మిని ఇంజన్ 1089 సీసీ. నలభై గుర్రాల శక్తి. డెల్కో (ప్లగ్గులకు కరెంటు పంచేది), కార్బొరేటరు (పెట్రోలును గాలితో కలిపేది) సరిగ్గా కుదిరి, ఎదురుగాలి లేకపోతే 120 దగ్గరికి వస్తుంది. కానీ ఆ మీటరు ముల్లు ఒకచోట నిలబడే రకం కాదు. కేబులు కాస్త అరిగిందంటే 100కీ 120కీ మధ్య ఊగుతూనే ఉండేది. మీ నాన్నగారు పై అంచు చూసి ఉంటారు. పక్కన కూర్చున్న మీ అమ్మగారిని అడగండి, కింది అంచు చెబుతారు. పైగా ఏ కంపెనీ అయినా మీటరును ఉన్నదానికంటే కాస్త ఎక్కువ చూపేలాగే పెడుతుంది, తక్కువ చూపేలా పెట్టదు.

ఇక రోడ్డు సంగతి. ఇప్పుడు 16వ నంబరు అంటున్నదాన్ని అప్పట్లో 5వ నంబరు జాతీయ రహదారి అనేవాళ్లం. వారధి రాకముందు కృష్ణ దాటాలంటే ప్రకాశం బ్యారేజీయే గతి, అక్కడ స్పీడు మాటే లేదు. అవతల తాడేపల్లి, మంగళగిరి, కాజ, నంబూరు, పెదకాకాని. మధ్యలో డివైడరు ఉండేది కాదు. ఎదురుగా లారీ వస్తే ఎడమ చక్రాలు తారు దిగి మట్టిలోకి పోవాల్సిందే. రాత్రిపూట మిర్చి బస్తాల ఎడ్లబండ్లు లైటు లేకుండా వరసగా పోతుండేవి. ఆ రోడ్డు మీద 100 కొట్టడానికి ఖాళీ దొరికేదే ఒకటి రెండు చోట్ల. అదీ ఒక నిమిషం సేపు.

ఆ నిమిషం ఎలా ఉండేదో చెబుతాను. 90 దాటగానే తలుపుల అద్దాలు గలగలలాడేవి. స్టీరింగ్ చేతుల్లో దడదడమనేది, దాని కింద గేరు రాడ్డు వణికేది, ఇంజన్ వేడి పాదాలకు తగిలేది. పక్కవాడితో మాట్లాడాలంటే అరవాలి. నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. 100 మీద ఒకసారి గట్టిగా తొక్కితే ఆగేది. వెంటనే రెండోసారి తొక్కాల్సి వస్తే లైనర్లు కాలిన వాసన వచ్చేది, బండి మాత్రం తన దారిన తాను పోయేది. మే నెలలో అయితే పెట్రోలు పంపు వేడెక్కి ఎయిర్ లాక్ పట్టేది, అంటే పెట్రోలు ఆవిరై ఇంజన్‌కు అందేది కాదు. బోనెట్ ఎత్తి, పంపు మీద తడిగుడ్డ చుట్టి, చెట్టుకింద కూర్చోవాలి. అలాంటి బండిలో 100 అంటే ఇప్పటి కార్లో 180 కొట్టినంత హడావుడి. మీ నాన్నగారికి గుర్తున్నది ఆ హడావుడి. దానికి ఆయన 120 అని నంబరు వేసుకున్నారు. వేసుకోనివ్వండి.

*మన దేశంలో అసలు స్పోర్ట్స్ కారంటూ ఎప్పుడైనా తయారైందా?*
*బ్యాంకు ఉద్యోగి, తెనాలి*

తయారైందండీ. 1990ల చివర్లో గోవాలో శాన్ స్టార్మ్ అని ఒకటి వచ్చింది. రెండు సీట్లు, ఫైబర్ బాడీ, పైకప్పు గుడ్డది. లోపల రెనో వాళ్ల 1149 సీసీ ఇంజన్, 60 గుర్రాలు. చూపులు స్పోర్ట్స్ కారువి, పరుగు మామూలు కారుది. దానికంటే ముందు 1985లో మద్రాసు నుంచి స్టాండర్డ్ 2000 వచ్చింది. బ్రిటన్‌లో రోవర్ ఎస్‌డీ1 అన్న కారుకు ఎనిమిది సిలిండర్ల ఇంజన్ ఉండేది. అదే బాడీ ఇక్కడికి తెచ్చి, అందులో ఎప్పటిదో పాత రెండు లీటర్ల ఇంజన్ పెట్టారు. పెద్దగా అమ్ముడుపోలేదు, కొన్నాళ్లకే ఆగిపోయింది. డబ్బున్నవాళ్లకు మిగిలింది కాంటెస్సా. అందులో ఇసుజు 1.8 లీటర్ల ఇంజన్ వచ్చాక నిజంగా బాగుండేది. బెజవాడలో సినిమా హాళ్ల ఓనర్లు, గుంటూరులో పొగాకు వ్యాపారులు దాని మీద మోజుపడేవాళ్లు.

స్పోర్ట్స్ కార్లు లేకపోయినా స్పీడు మాత్రం ఉండేది. దాన్ని చూడాలంటే షోలవరం వెళ్లాలి. మద్రాసు ఊరి బయట, రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే అది. రేసులంటే అక్కడే. రాత్రి రైలెక్కి పొద్దున్నే దిగేవాళ్లం. నాకు ఒక టీములో స్పానర్లు అందించే పని. రేసు కోసం పద్మినిని ఎలా తయారుచేసేవారో చూస్తే మీ కళ్లు తిరుగుతాయి. వెనక సీటు, తలుపుల అట్టలు, కార్పెట్లు అన్నీ పీకేసేవారు. స్ప్రింగులు కోసి బండిని కిందికి దించేవారు. కంప్రెషన్ పెరగాలని, అంటే సిలిండర్లో పెట్రోలు, గాలి ఇంకా గట్టిగా నొక్కుకోవాలని, ఇంజన్ పైమూత (హెడ్డు) గీయించేవారు. ఒక కార్బొరేటరు ఉండేచోట రెండు. రోడ్డు మీద మనం చూసే ఫియట్టూ అదీ ఒకటే అంటే ఎవరూ నమ్మరు.

కానీ నాకు అన్నిటికంటే బాగా గుర్తున్నది వాసన. రేసు ఇంజన్లలో ఆముదంతో చేసిన ఆయిల్ వాడేవారు. ఎంత వేడెక్కినా అది లోహాన్ని వదలదు, పలచబడి జారిపోదు. రేసయ్యాక మాత్రం బంక పట్టి కూర్చుంటుంది, ఇంజన్ విప్పి కడగాల్సిందే. ఆ కడిగే పని ఎవరిదో చెప్పక్కర్లేదు. ఆముదం వాసన తగిలితే అందరికీ వాళ్ల అమ్మమ్మ గుర్తొస్తుంది, నాకు షోలవరం గుర్తొస్తుంది. 1990లో ఇరుంగాట్టుకోట్టైలో అసలైన ట్రాక్ తయారయ్యాక రేసులు అటు మారాయి.

*లాంబోర్గినీ ముందు ట్రాక్టర్లు చేసేవాడని మావాడు ఫోన్‌లో చూసి చెప్పాడు. నిజమేనా?*
*రైతు, పొన్నూరు*

నిజమే. ఫెర్రూచియో లాంబోర్గినీ ఇటలీలో 1948లో ట్రాక్టర్ల కంపెనీ పెట్టాడు. కార్లు 1963లో మొదలయ్యాయి. 1966లో వచ్చిన మియురాలో పన్నెండు సిలిండర్ల ఇంజన్‌ను సీట్ల వెనక అడ్డంగా పెట్టారు. ఇప్పటికీ ఆ పేరుతో ట్రాక్టర్లు వస్తున్నాయి, కాకపోతే కార్ల కంపెనీ వేరు, అది వేరు. కొనే ఆలోచన ఉంటే ముందు స్పేర్ పార్ట్స్ గుంటూరులో దొరుకుతాయో లేదో కనుక్కోండి.

*మా అబ్బాయి జర్మనీలో ఉద్యోగం చేస్తున్నాడు. ఆటోబాన్ మీద 220 వెళ్తున్నానని వీడియో పంపాడు. అప్పటినుంచి నాకు ఒకటే టెన్షన్.*
*గృహిణి, మంగళగిరి*

అమ్మా, ముందు ఆ వీడియో ఎవరు తీశారో అడగండి. పక్క సీట్లో ఫ్రెండు తీసుంటే సరే. మీవాడే ఫోన్ చేత్తో పట్టుకుని తీసుంటే రెండు చివాట్లు నా తరఫున కూడా పెట్టండి. అక్కడ అది నేరం.

ఇక స్పీడు. ఆటోబాన్‌లో కొన్ని భాగాల్లోనే లిమిట్ లేదు. మిగతాచోట్ల బోర్డులుంటాయి. లిమిట్ లేనిచోట కూడా 130 దాటొద్దని సలహా ఇస్తారు. ఆ రోడ్లు మన రోడ్ల లాంటివి కావు. కుడివైపు నుంచి ఓవర్‌టేక్ చేయరు, ఎదురుగా రాంగ్ సైడులో ఆటో రాదు, గేదెలు రావు. అయినా 220 అంటే సెకనుకు 61 మీటర్లు. మీరు కళ్లు మూసి తెరిచేలోపు పదిళ్లు దాటిపోతాడు. ఆ జర్మనీలోనే 1938 జనవరి 28న రుడాల్ఫ్ కారచ్చియోలా అనే రేసరు మెర్సిడెస్‌లో గంటకు 432 కిలోమీటర్లు దాటాడు. మామూలు రోడ్డు మీదే. ఆ రికార్డు కొట్టాలని అదే రోజు బయల్దేరిన బెర్న్డ్ రోజ్‌మేయర్ కారు అదుపు తప్పి చనిపోయాడు. ఇది మీకు భయం పెంచడానికి చెప్పడం లేదమ్మా, అబ్బాయికి చదివి వినిపించడానికి.

*మీరు నడిపినవాటిలో అన్నిటికంటే స్పీడు కారు ఏది?*
*వ్యాపారి, ఏలూరు రోడ్డు, విజయవాడ*

అమెరికాలో ఆస్టిన్ దగ్గర మా మేనల్లుడి పోర్షే 911. అక్కడ ఒక టోల్ రోడ్డు మీద 85 మైళ్లు, అంటే 137 కిలోమీటర్ల దాకా చట్టమే ఒప్పుకుంటుంది. తాళాలు ఇచ్చి "నువ్వు నడుపు మావయ్యా" అన్నాడు. 911కి ఇంజన్ వెనక చక్రాలకూ అవతల, తోకలో ఉంటుంది. మలుపులో యాక్సిలరేటర్ ఠక్కున వదిలితే వెనక భాగం పక్కకు తిరిగిపోతుందని పాత మోడళ్లకు చెడ్డపేరు. కొత్తవాటిలో కంప్యూటర్లు ఆ పని కానివ్వవు. ఎక్కడం, తొక్కడం, ముల్లు 85 మీదికి రావడం, అంతా రెప్పపాటులో అయిపోయింది. తర్వాత ఇంకేం లేదు. గ్లాసులో కాఫీ కూడా కదల్లేదు. మీటరు చూడకపోతే 60లో ఉన్నామనుకునేవాణ్ని.

ఆపాక, ఇంజన్ చూద్దామని వెనక మూత తెరిచాను. రెండు ఫ్యాన్లు, ఆయిల్ పోసే మూత ఒకటి, నీళ్లు పోసే మూత ఒకటి. అంతే! ఇంజన్ కనపడనే లేదు. ఇన్నేళ్లు మెకానిక్‌గా బతికినవాణ్ని, నాకు అవమానంగా అనిపించింది. అదే 1998 ముందటి 911 అయితే గాలికి చల్లబడే ఇంజన్, మూత ఎత్తగానే పెద్ద ఫ్యానుతో సహా కళ్లెదురుగా ఉంటుంది. బాగా నడిచిన కారు ఏదంటే పోర్షే పేరే చెబుతాను. మళ్లీ నడపాలని ఉన్నది మాత్రం కాంటెస్సా.

*ఫ్రెండ్ దగ్గర పాత ఆక్టేవియా ఆర్ఎస్ ఉంది. చిప్ ట్యూనింగ్ (ఇంజన్ కంప్యూటరును మార్చి పవర్ పెంచడం) చేయించి తెల్లవారుజామున కాజ దగ్గర 200 కొట్టాలని ప్లాన్. ఏవైనా సలహాలు?*
*ఇంజనీరింగ్ విద్యార్థి, బెంజ్ సర్కిల్, విజయవాడ*

మంచి కారు బాబూ, ఆ 1.8 టర్బో. 150 గుర్రాలు. నీది చెత్త ప్లాను. నువ్వు చదివేది ఇంజనీరింగే కాబట్టి లెక్క చెబుతాను. స్పీడు రెట్టింపు చేస్తే గాలిని చీల్చడానికే ఎనిమిది రెట్ల పవర్ కావాలి. ఆగడానికి నాలుగు రెట్ల దూరం కావాలి. చిప్‌తో పవర్ కొనుక్కోవచ్చు, ఆ దూరాన్ని కాజలో ఎక్కడ కొంటావు? 400 దాటిన బుగాటీ వేరాన్‌కు 1001 గుర్రాలతో పాటు పది రేడియేటర్లు పెట్టాల్సి వచ్చింది, వేడి తట్టుకోలేక.

ముందు ఆ కారు టైరు పక్కన చదువు. సైజు చివర ఒక అక్షరం ఉంటుంది. టీ అయితే 190, హెచ్ అయితే 210, వీ అయితే 240 దాకా తట్టుకుంటుంది, అదీ కొత్తగా ఉన్నప్పుడు. ఇంకోచోట నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. పాత బండ్ల టైర్లకు గాడి బాగానే కనిపిస్తుంది, రబ్బరు మాత్రం ఎండి చెక్కలా అయిపోయి ఉంటుంది. నాలుగు లేన్ల హైవే మీద కారుకు చట్టం ఇచ్చే గరిష్ఠం 100. తెల్లవారుజామున రోడ్డు ఖాళీ అని నువ్వనుకుంటావు, పాలబండివాడూ పూలకొట్టువాడూ కూడా అలాగే అనుకుని రాంగ్ సైడులో వస్తారు. అంత కోరిక ఉంటే చెన్నై ట్రాక్‌కో కోయంబత్తూరులోని కరి స్పీడ్‌వేకో వెళ్లు. డబ్బు కట్టి, హెల్మెట్ పెట్టుకుని తొక్కు. మొదటి మలుపులోనే నీకొచ్చిన డ్రైవింగ్ ఎంతో తెలుస్తుంది.

*కొత్త కారు 80 దాటగానే బీప్ బీప్ అంటోంది. మెకానిక్ వైరు పీకేస్తానంటున్నాడు. పీకించనా?*
*డాక్టరు, లక్ష్మీపురం, గుంటూరు*

వద్దండీ. 2019 జులై నుంచి కొత్త కార్లన్నిటికీ అది తప్పనిసరి. 80 దాటితే ఆగాగి మోగుతుంది, 120 దాటితే ఆగకుండా మోగుతుంది. వైరు పీకితే వారంటీకి ఇబ్బంది. ఆ మెకానిక్‌ను కూడా మార్చండి.