ఇంట్లో కట్టిన కారు ఛాసిస్: పగులు, తుప్పు, బలం

ప్రశ్న: ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో ఉంటున్నాను. లోటస్ సెవెన్ తరహా పాత కిట్ కారు (విడి భాగాలు కొని ఇంట్లో కట్టుకునేది) కొన్నాను. ఛాసిస్ అంతా 25 మి.మీ. చదరపు ట్యూబు, గోడ మందం 1.6 మి.మీ. ముందు ఎడమవైపు కింది విష్‌బోన్ (చక్రాన్ని ఛాసిస్‌కి కలిపే సస్పెన్షన్ చేయి) బ్రాకెట్ పక్కన పగులు ఉంది. సీటు కింద రెయిలుకు తుప్పు పట్టింది. వెల్డర్ ‘పగులు మీద 3 మి.మీ. రేకు వేసి అతికేద్దాం’ అంటున్నాడు. వేయించమంటారా? పనిలో పనిగా ఛాసిస్‌ని గట్టిపరచాలనీ ఉంది.

జవాబు: రేకు వేయించకండి. కింద పగులు అలాగే ఉంటుంది. పైగా 1.6 మి.మీ. గోడ మీద 3 మి.మీ. రేకు పడితే అక్కడ ట్యూబు బిగుసుకుపోయి, వంగడమంతా రేకు అంచు దగ్గరకు చేరుతుంది. కొన్నాళ్లకు ఆ అంచు వెంటే కొత్త పగులు వస్తుంది.

అసలు అక్కడే ఎందుకు పగిలిందో ముందు చూడండి. ఇలాంటి ఛాసిస్‌లలో ఆ బ్రాకెట్‌ని చాలాసార్లు ట్యూబులు కలిసే ముడి దగ్గర కాకుండా, ఒక ముఖం మధ్యలో అతికి ఉంటారు. బ్రేకు వేసిన ప్రతిసారీ ఆ పల్చని ముఖం డబ్బా మూతలా లోపలికీ బయటికీ కదులుతుంది. వెల్డింగ్ వేడికి గుణం మారిన లోహం సరిగ్గా అతుకు పక్కనే ఉంటుంది కాబట్టి పగులు అక్కడ మొదలవుతుంది.

రంగు గీకేసి, డై పెనట్రెంట్ (పగుల్లోకి ఇంకే రంగు) కిట్‌తో పరీక్షించండి. శుభ్రం చేసి ఎర్ర రంగు కొట్టి, పది నిమిషాలాగి గుడ్డతో తుడవండి. క్లీనర్‌ని నేరుగా దాని మీద కొట్టకూడదు, పగుల్లో ఉన్న రంగు కూడా పోతుంది. గుడ్డకు అద్దుకుని తుడవాలి. తర్వాత తెల్ల డెవలపర్ కొడితే, సున్నం గోడ మీద ఎర్ర దారం పరిచినట్టు గీత తేలుతుంది. కంటికి కనిపించిన పగులు కంటే ఇది తరచూ పొడవుగా ఉంటుంది.

గీత ఒక్క ముఖానికే పరిమితమైతే, దాని రెండు కొసలూ దాటి 3 మి.మీ. రంధ్రాలు వేయండి. పగులు ముందుకు పాకకుండా అవి ఆపుతాయి. పగులు వెంట ‘వీ’ ఆకారంలో గాడి తీసి, అడుగు దాకా వెల్డ్ దిగేలా నింపాలి. ఆ పైన 2 మి.మీ. రేకుని జీనులా మూడు ముఖాలకు తొడిగించండి. దాని కొసలు చేప తోకలా కోసి, అంచు పొడవునా అతకండి. ట్యూబుకి అడ్డంగా తిన్నటి వెల్డ్ గీత పడకూడదు. బ్రాకెట్ ఈ జీను మీద కూర్చుంటే బలం పక్క గోడలకు చేరుతుంది. వీలైతే బ్రాకెట్ వెనక నుంచి దగ్గరలోని ముడికి ఒక ఏటవాలు ట్యూబు కలపండి. పగులు రెండో ముఖంలోకి తిరిగి ఉంటే మాత్రం అతుకులతో కుదరదు, ముక్క కోసి మార్చాల్సిందే.

ఇక తుప్పు సంగతి. అల్యూమినియం నేల రేకుని స్టీలు ట్యూబుకి రివెట్ చేశారు. చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు నీరు ఆ రెంటి మధ్యకు చేరితే అల్యూమినియం తెల్లటి పొడిగా మారి ఉబ్బుతుంది. రేకు లేచి ఇంకా నీరు నిలుస్తుంది. రివెట్ రంధ్రాల గుండా అదే నీరు ట్యూబు లోపలికి దిగుతుంది. అందుకే పైకి బాగున్న రెయిలు లోపల తినేసి ఉండొచ్చు. స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడవండి. అనుమానం ఉన్నచోట 3 మి.మీ. రంధ్రం వేసి మందం కొలవండి. 1.2 మి.మీ. కంటే తగ్గితే ఆ ముక్క మార్చండి.

కోసే ముందు బ్యాటరీ, ఆల్టర్నేటర్ తీగలు విప్పండి. పెట్రోలు ట్యాంకుని ఖాళీ చేస్తే చాలదు, ఖాళీ ట్యాంకులోని ఆవిరే పేలుతుంది. ట్యాంకుని కారు నుంచి దించి దూరంగా పెట్టాలి. ఛాసిస్‌ని సమతలంగా నిలబెట్టి, మేస్త్రీల తూకం గుండుతో నాలుగు సస్పెన్షన్ బిందువులని నేల మీదికి దించి చాక్‌పీస్‌తో గుర్తు పెట్టండి. మూల నుంచి మూలకు రెండు కొలతలూ రాసుకోండి. కోసే చోటుకి రెండు వైపులా ఎల్ ఆకారపు ఇనుప యాంగిల్ ముక్కలు తాత్కాలికంగా టాక్ (చుక్క వెల్డ్) వేసి కట్టేయండి. ఇది చేయకపోతే కోసిన క్షణంలోనే రెయిలు విచ్చుకుంటుంది, కొత్త ముక్క ఎక్కడా సరిపోదు.

ఈ ట్యూబు లోపలి కొలత 21.8 మి.మీ. 20 మి.మీ. చదరపు ట్యూబు ముక్క 100 మి.మీ. పొడవు తీసుకుంటే లోపల జారుతుంది. అడ్డొచ్చే లోపలి వెల్డ్ గీతని ఆకురాయితో తీసేయండి. అతుకుకి ఇటు 50, అటు 50 మి.మీ. వచ్చేలా పెట్టి, రెండు ఎదురెదురు ముఖాల్లో 8 మి.మీ. రంధ్రాల గుండా ప్లగ్ వెల్డ్ చేయండి. కోత ఏటవాలుగా ఉంటే మంచిది. అంచుల మధ్య 1 నుంచి 1.5 మి.మీ. సందు వదలండి. మిగ్ (వైరు కరిగించి అతికే) వెల్డింగ్ యంత్రంలో 0.8 మి.మీ. వైరు, ఆర్గాన్ కలిసిన గ్యాసు సరిపోతాయి. 25 మి.మీ. చొప్పున ఎదురు ముఖాలు మార్చుకుంటూ వేసి, మధ్యలో మూలల కొలతలు మళ్లీ చూడండి. తేడా 3 మి.మీ. దాటుతుంటే ఆగి సరిచేయండి. నీళ్లు పోసి చల్లార్చకండి. అందం కోసం వెల్డ్‌ని చదునుగా గ్రైండ్ చేస్తే బలం పోతుంది.

మీ దేశపు ఎమ్‌ఓటీ (వాహనం రోడ్డుకి తగినదా అని చూసే) పరీక్షలో సస్పెన్షన్, సీటు బెల్టు బిగించే చోటు నుంచి 30 సెం.మీ. లోపల తుప్పుని ప్రత్యేకంగా చూస్తారు. అక్కడ వేసే అతుకు అంచు పొడవునా ఆగకుండా వెల్డ్ అయి ఉండాలి.

గట్టిపరచడానికి మందపు ట్యూబు వేయాలనే అందరికీ తోస్తుంది. లెక్క చూడండి: 1.6 మి.మీ. గోడ ఉన్న ట్యూబు మీటరుకి సుమారు 1.18 కిలోలు, 3 మి.మీ. గోడది 2.07 కిలోలు. బరువు 76 శాతం పెరిగితే వంగకుండా ఆపే శక్తి 58 శాతమే పెరుగుతుంది. అదే, ఖాళీ చట్రంలో మూల నుంచి మూలకు ఒక్క సన్న ట్యూబు వేస్తే వంగాల్సిన బలం లాగడం, నొక్కడంగా మారుతుంది. ఇంజిన్ గది పైభాగం, గేర్‌బాక్స్ సొరంగం పైభాగం ఈ కార్లలో బలహీనం. సొరంగంలో 19 మి.మీ. ట్యూబుతో ఏటవాలు వేయండి. ఇంజిన్ పైన మాత్రం బోల్టులతో విప్పదగ్గది పెట్టండి.

ఫలితం కొలవొచ్చు. వెనక భాగాన్ని కదలకుండా బిగించి, ముందు ఇరుసు దగ్గర అడ్డంగా పొడవాటి దూలం కట్టి, నడిమికి మీటరు దూరంలో 50 కిలోలు వేలాడదీయండి. సుమారు 490 న్యూటన్ మీటర్ల మెలి పడుతుంది. డయల్ గేజీతో (సన్నని కదలికని ముల్లుతో చూపే కొలత పరికరం) ఎంత తిరిగిందో చూసి, ట్యూబు వేశాక మళ్లీ అదే బరువుతో చూడండి.

చివరగా జింక్ ప్రైమర్, ఎపాక్సీ రంగు, ట్యూబు లోపల క్యావిటీ వాక్స్ (తుప్పు పట్టనివ్వని మైనం) వేయండి. నేల రేకుని పాలీయురేథేన్ జిగురు మీద, మూసిన కొసల రివెట్లతో 50 మి.మీ. ఎడంలో బిగించండి. పౌడర్ కోటింగ్ వద్దంటాం: పెచ్చు లేచినా ఊడకుండా కింద తుప్పుని దాచేస్తుంది.

ప్రశ్న: మాది భీమవరం. కాలేజీలో బాహా పోటీకి (ఇంజినీరింగ్ విద్యార్థులు గతుకుల నేల మీద నడిచే బండి కట్టే పోటీ) బగ్గీ కడుతున్నాం. బండిని గట్టు మీంచి దూకించే పరీక్షలో రోల్ కేజ్ (తిరగబడితే డ్రైవరుని కాపాడే పైపుల పంజరం) పైపు వంగింది. వేడిచేసి సరిచేయొచ్చా? కొత్తది జీఐ (జింక్ పూత ఉన్న ఇనుప) పైపుతో వేయొచ్చా?

జవాబు: రెండూ కుదరవు. వంగిన పైపు ఒకసారి సాగిపోయింది, దాని గోడ ఆకారం మారింది. వేడిచేస్తే ఇంకా మెత్తబడుతుంది. ముడి నుంచి ముడి దాకా కోసి మార్చండి. జీఐ నీటి పైపులో కార్బన్ ఎంత శాతమో మీకు తెలియదు, జింక్ పొగ ఊపిరికి హాని, వెల్డ్‌లో గుల్లలు కూడా వస్తాయి. ప్రధాన పైపులకు బాహా ప్రామాణికం 25 మి.మీ. వెలుపలి వ్యాసం, 3 మి.మీ. గోడ, కనీసం 0.18 శాతం కార్బన్. కొనేటప్పుడే పరీక్షా పత్రం తీసుకోండి. ఫిష్‌మౌత్ కోత (పైపు కొసని రెండో పైపు గుండ్రానికి సరిపోయేలా చేప నోరులా కోయడం) చేశాక సందు 1 మి.మీ. దాటకూడదు.

ప్రశ్న: మారుతి 800 ఇంజిన్‌తో హైదరాబాద్‌లో ట్యూబు ఛాసిస్ కారు కట్టి రిజిస్టర్ చేయించుకోవచ్చా?

జవాబు: పాత కారు పత్రాల మీద కుదరదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు వివరాలకు భిన్నంగా మార్పులు చేయనివ్వదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. కొత్త వాహనంగా చూపాలంటే పుణెలోని ఏఆర్‌ఏఐ వంటి వాహన పరీక్షా సంస్థలో నమూనా పరీక్ష నెగ్గాలి. ఒక్క కారుకి ఆ ఖర్చు తట్టుకోలేం. సొంత స్థలంలోనో, రేస్ ట్రాక్ మీదో నడుపుకోండి.