పాఠకుల ప్రశ్నలు – జవాబులు: ఐదు ఊళ్ల తెలుగు విశ్వవిద్యాలయం

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీలో తెలుగు, చరిత్ర చదివింది. తెలుగు విశ్వవిద్యాలయంలో పీజీ చేస్తానంటోంది. మిగతా విశ్వవిద్యాలయాల్లాగా అక్కడ పెద్ద ప్రాంగణం లేదని, శాఖలు తలో ఊళ్లో ఉన్నాయని విన్నాం. అలా ఎందుకు ఏర్పాటు చేశారు? అక్కడి విద్యార్థి జీవితం ఎలా ఉంటుంది?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు విన్నది నిజమే. ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ఉండగా, 1985 డిసెంబరు 2న, ప్రత్యేక చట్టం ద్వారా ఈ విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఉస్మానియా, ఆంధ్ర విశ్వవిద్యాలయాల్లాగా వందలాది అనుబంధ కళాశాలలకు పరీక్షలు పెట్టి పట్టాలివ్వడం దీని పని కాదు. 1957లో మొదలైన సాహిత్య అకాడమీ, సంగీత నాటక, లలిత కళా అకాడమీలు, 1975 ప్రపంచ తెలుగు మహాసభల తరువాత వచ్చిన అంతర్జాతీయ తెలుగు సంస్థ, విజ్ఞాన సర్వస్వ సంపుటాలను వెలువరించిన తెలుగు భాషా సమితి వంటి సంస్థల బాధ్యతలన్నీ దీని నెత్తిన పడ్డాయి. పురస్కారాలివ్వడం, పుస్తకాలు అచ్చువేయడం ఒక రకం పని. తరగతులు నడిపి, పరిశోధకులను తయారుచేయడం మరో రకం పని. రెండింటినీ ఒకే సంస్థకు, అదీ పరిమితమైన నిధులతో, అప్పగించడం వల్ల రెండూ కొంత నలిగాయని నా అభిప్రాయం.

తొలి ఉపకులపతి ఆచార్య తూమాటి దోణప్ప. పాలనా కేంద్రం హైదరాబాదులోని పబ్లిక్ గార్డెన్స్‌లో వెలిసింది. సంగీతం, నాటకం, శిల్పం వంటి లలిత కళల చదువు నగరంలోనే సాగింది. మిగిలిన విషయాలను మాత్రం వాటికి సంబంధించిన సామగ్రి దొరికేచోటే నెలకొల్పారు. చరిత్ర, పురావస్తు శాస్త్రాలు శ్రీశైలానికి, సాహిత్యం రాజమహేంద్రవరం పక్కనున్న బొమ్మూరుకు, నృత్యం కూచిపూడికి, జానపద గిరిజన విజ్ఞానం వరంగల్లుకు వెళ్లాయి. విద్యార్థుల సంఖ్య తక్కువగా ఉండటానికీ, ఒక పీఠం (అంటే ఒక ఊళ్లోని శాఖ) వాళ్లకు మరో పీఠం వాళ్ల ముఖపరిచయం కూడా లేకపోవడానికీ ఈ ఏర్పాటే కారణం. అయినా దీన్ని లోపమని నేను అనను.

శ్రీశైలం సంగతే చూడండి. మల్లికార్జునాలయ ప్రాకారం పొడవునా ఏనుగులు, గుర్రాలు, వేట దృశ్యాలు, శైవ గాథలు వరుసలు వరుసలుగా చెక్కి ఉన్నాయి. పుస్తకంలో బొమ్మగా చూసే శిల్పాన్ని అక్కడి విద్యార్థి సాయంత్రం నడకలోనే చూడగలడు. శాసనాల చదువు కూడా చేతిపనే. శాసనానికి నకలు తీయడానికి రాతిని కుంచెతో శుభ్రంగా కడిగి, తడిపిన కాగితాన్ని దాని మీద పరిచి, అక్షరాల గుంటల్లోకి అది దిగేదాకా కుంచెతో మెల్లగా కొడతారు. కాస్త ఆరాక సిరా అద్దితే చదును భాగమంతా నల్లబడి అక్షరాలు తెల్లగా మిగులుతాయి. తొందరపడి సిరా ఎక్కువ అద్దితే అక్షరం అంచు పూడిపోతుంది, ‘ప’ ఏదో ‘వ’ ఏదో పోల్చుకోలేం. ఈ ఓర్పు తరగతి గదిలో అలవడదు.

కూచిపూడి వాతావరణం పూర్తిగా వేరు. తరతరాలుగా భాగవతుల (కూచిపూడి నాట్యమాడేవారి) కుటుంబాల్లో మగవాళ్లకే పరిమితమైన విద్యను అదే ఊళ్లో, కులంతోనూ ఆడా మగా తేడాతోనూ పని లేకుండా, సిలబస్ ప్రకారం నేర్పడం చిన్న మార్పు కాదు.

ఇక హాస్టల్ జీవితం విషయానికొస్తే, సందడి కోరుకునే పిల్లలకు ఈ పీఠాలు వెలితిగానే అనిపిస్తాయి. నల్లమల దారిలో రాత్రిపూట వాహనాలను ఆపేస్తారు కాబట్టి శ్రీశైలం నుంచి అనుకున్నదే తడవుగా ఇంటికి బయలుదేరడం కుదరదు. శివరాత్రి రోజుల్లో ఊరంతా జనసంద్రమవుతుంది, మిగతా కాలంలో చదువుకోవడానికి కావలసినంత తీరిక ఉంటుంది. మీ అమ్మాయికి చరిత్ర మీద నిజంగా ఇష్టముంటే ఆ తీరిక వరమే. స్నేహితుల గుంపు, నగరం, పోటీ పరీక్షల కోచింగు కూడా కావాలనుకుంటే వేరేచోట చూసుకోవడం మంచిది.

ప్రశ్న: ఈ విశ్వవిద్యాలయానికి రెండు పేర్లు వినిపిస్తున్నాయి. ఏది సరైనది?
– ఒక పాఠకుడు

జవాబు: మొదట ఉన్నది ‘తెలుగు విశ్వవిద్యాలయం’ అన్న పేరే. 1998లో పొట్టి శ్రీరాములు పేరు చేర్చారు. రాష్ట్రాన్ని విడదీసిన 2014 పునర్విభజన చట్టం పదో షెడ్యూలులో, అంటే రెండు రాష్ట్రాలకూ సేవలందించాల్సిన సంస్థల జాబితాలో, చేర్చినవాటిలో ఇదీ ఒకటి. హైదరాబాదు, వరంగల్లు తెలంగాణలో ఉండగా, మిగతా మూడు పీఠాలు ఆంధ్రప్రదేశ్ వైపు ఉన్నాయి. 2025 మార్చిలో తెలంగాణ శాసనసభ తమ విశ్వవిద్యాలయానికి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెడుతూ బిల్లును ఆమోదించింది. గోలకొండ పత్రిక సంపాదకుడిగా, ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రచయితగా ఆయనకు ఆ గౌరవం తగినదే. పాత పేరుతో పట్టాలందుకున్నవాళ్లు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు కనుక ఆ పేరు ఇంకా చాలాకాలం వినిపిస్తుంది. చేరదలచినవాళ్లు పేరు కన్నా తాము కోరుకున్న పీఠం ఏ రాష్ట్రంలో ఉందో చూసుకుని, అక్కడి తాజా ప్రవేశ ప్రకటన చదివాకే దరఖాస్తు చేసుకోవాలి.