టేపు ఎవరి చేతిలో ఉంది

కంచరపాలెం,
విశాఖపట్నం.

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి జానెల దగ్గర ఆగిపోయాను. వార్డరు టేపు పట్టుకుపోయాక అడవివరం జైల్లో నీ ఖైదీ తాను నేసిన గుడ్డని జానెలతో కొలుచుకుంటాడు. బొటనవేలి గోరు విరిగి, ప్రతిసారీ దారప్పోగు తగులుకుంటుందని రాశావు. అది చూసినవాడు రాసే మాట. రెండోసారి చదివితే మాత్రం కోపమొచ్చింది. చివర్లో సూపరింటెండెంటు కళ్ళు చెమర్చి జేబులోంచి నూరు రూపాయలు తీసివ్వడమేమిటి? ఖైదీ దగ్గర నగదు ఉండనివ్వరు కదా, కూలి వాడి ఖాతాలో పడుతుంది. అంతకుముందు నలుగురూ కలిసి కూలి సంగతి అడుగుదామంటే "జైల్లో యూనియనేట్రా" అని ఒకడు నవ్వుతాడు. నువ్వూ వాడితోపాటు నవ్వేసి ముందుకెళ్ళిపోయావు. నీ కథంతా ఆ నవ్వు దగ్గరే ఉంది తమ్ముడూ!

పోటీకి పంపనా, పేరు మార్చనా అని అడిగావు. ముందు ఇది విను.

కుర్రతనంలో జగదాంబ దగ్గర ఒక ప్రెస్సులో కంపోజింగ్ చేసేవాణ్ణి. పేజీకింత అని కూలి. సీసం అక్షరాలు ఏరి ఏరి వేళ్ళు నల్లబడిపోయేవి, అన్నం కలిపినా ఆ వాసన పోయేది కాదు. పిల్లకి జ్వరమనో, అద్దె కట్టాలనో ఒక్కొక్కళ్ళం విడివిడిగా ఓనరు ముందు నిలబడేవాళ్ళం. ఐదో పదో ఇచ్చేవాడు, మేం దణ్ణం పెట్టేవాళ్ళం. ఒకరోజు ముగ్గురం కలిసి వెళ్ళాం. మమ్మల్ని చూడగానే ఆయన చెయ్యి అలవాటుగా గల్లాపెట్టె మీదికెళ్ళింది. "డబ్బులొద్దండి, రేటు కాగితమ్మీద రాసివ్వండి" అన్నాం. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. పదకొండు రోజులు పని ఆపాక కాగితం వచ్చింది. ముగ్గురిలో ఒకణ్ణి మళ్ళీ పన్లోకి రానివ్వలేదు.

ఆ సంగతి కథగా రాస్తే ఒక వారపత్రిక ఎడిటరు పేజీ రేట్లన్నీ కొట్టేసి, పిల్ల జ్వరాన్ని రెండు పేరాలు పెంచాడు. పాఠకులకి లెక్కలు పట్టవన్నాడు. నాకు ఇప్పటికీ ఆ మంట చల్లారలేదు. అప్పట్నుంచీ ఎవరు కథ పంపినా ఒకటే చెబుతున్నాను: జాలి రాయకు, బేరం రాయి.

మాకు కనీసం పని మానేసే వీలుంది. నీ ఖైదీకి అదీ లేదు. 1894 నాటి జైళ్ళ చట్టం పని చెయ్యనని మొండికెయ్యడాన్ని జైలు నేరాల్లో చేర్చింది. 1998లో గుజరాత్ ఖైదీల కూలి కేసులో సుప్రీంకోర్టు, కఠిన కారాగార శిక్ష పడ్డవాళ్ళ చేత పని చేయించుకోవచ్చు గానీ న్యాయమైన కూలి ఇవ్వాల్సిందేనంది. తిండికీ బట్టకీ అయ్యే ఖర్చు అందులో పట్టుకోవచ్చంది, బాధితులకి కొంత వెళ్ళాలంది, కూలి ఎంతుండాలో సిఫారసు చెయ్యడానికి కమిటీలు వెయ్యమని రాష్ట్రాలకి చెప్పింది. ఆ కమిటీ బల్ల దగ్గర ఖైదీకి కుర్చీ వెయ్యమని మాత్రం అనలేదు. నేరం చేసినోడికి బేరమేంటని మీ ఇంట్లోనే అంటారు. జడ్జి రాసిన శిక్షలో తక్కువ కూలి అన్న మాట ఎక్కడుందో చూపించమను.

నవ్వేవాడికి ఇంకో రెండు సంగతులు చెప్పు. అమెరికాలో నార్త్ కరోలినా ఖైదీలు సంఘం పెట్టుకుంటే దాదాపు 2,000 మంది చేరారు. సభ్యుల్ని చేర్చుకోకుండా, సమావేశాలు పెట్టుకోకుండా జైలు ఆపొచ్చని అక్కడి సుప్రీంకోర్టు 1977లో తేల్చేసింది. అయినా 2014లో బెర్లిన్ టెగెల్ జైలు ఖైదీలు మళ్ళీ సంఘం పెట్టి కనీస వేతనం, పింఛను అడిగారు.

ఇంకోటి. నీ కథలో మరుగుదొడ్లు కడిగేవాడికి ఏ ఇంటిపేరు పెట్టావో, వంట చేసేవాడికి ఏది పెట్టావో ఒకసారి చూసుకో. కులాన్నిబట్టి జైల్లో పనులు పంచడం చెల్లదని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో కొట్టేసింది. నీ పెన్ను ఇంకా పాత జైలు రూల్సు పుస్తకం ప్రకారమే పంచుతోంది.

ముగింపు తీసెయ్యి. నలుగురూ సూపరింటెండెంటు గదికి వెళ్ళే రోజు రాయి. బల్లమీద టేపుంటుంది. వాళ్ళు ఆ గుడ్డని అక్కడే పరిచి, ఆయన ముందే కొలవమంటారు. ఆయన ఏమంటాడో నాకు తెలీదు, నువ్వు రాసి తీసుకురా. ఆదివారం పొద్దున్న ఇంట్లోనే ఉంటాను.

మీ అన్నయ్య