వడ్రంగి మేస్త్రీ జవాబులు: అంకె కన్నా కర్ర నయం

ప్రశ్న: ఇంటి దగ్గరే చిన్న చిన్న చెక్క పనులు చేసుకుంటున్నాను. కొలత తీసి రంపం దగ్గరికి వచ్చేలోపే అంకె మరచిపోతున్నాను. అరచేతిపై రాస్తే చెమటకు చెరిగిపోతోంది, కాగితం పొట్టులో కలిసిపోతోంది. ఇప్పుడు వంటగట్టు కింద అల్మారా మొదలుపెట్టాను. ఏం చేయాలి?
- ఒక పాఠకుడు, కావలి

జవాబు: అరచేతిని వదిలేయండి. కొలిచే టేపు డబ్బా మీదే ఒక మాస్కింగ్ టేపు ముక్క అంటించి, దానిపై పెన్సిలుతో రాయండి. ఆ పని అయ్యాక పీకేసి కొత్తది అంటించుకోవచ్చు.

ఉత్త అంకె రాయవద్దు. ఎత్తో వెడల్పో, లోపలి కొలతో బయటిదో పక్కన ఒక అక్షరమైనా ఉండాలి. అల్మారాకు మొత్తం మిల్లీమీటర్లలోనే రాసుకోండి. మేస్త్రీలం అంగుళాలు, నూలు అంటాం, అంగుళానికి 8 నూలు. అల్మారాకు వాడే ప్లైవుడ్ మాత్రం సాధారణంగా 18 మిల్లీమీటర్ల మందంతో వస్తుంది. దాన్ని ముప్పావు అంగుళమని లెక్కేస్తే 19 పైచిలుకు అవుతుంది. రెండు పక్క పలకలకు కలిపి 2 మిల్లీమీటర్లు తేడా వస్తే తలుపు సరిగా పడదు.

అయితే ఒంగోలులో నా పనిలో నేను ఎక్కువగా నమ్మేది కొలత కర్రనే. తిన్నని సన్న బద్ద ఒకటి తీసుకోండి. దాన్ని గట్టు కింద నిలబెట్టి, గట్టు రాయి కింది అంచు ఎక్కడికి వచ్చిందో సన్నని గీత గీయండి. ఎడమన, నడుమ, కుడిన మూడు చోట్లా చూడండి. చీమకుర్తి గ్రానైటు ఎంత నున్నగా ఉన్నా కింద నేల వాలుగా ఉంటుంది కాబట్టి మూడు గీతలూ ఒకచోట పడవు. అన్నిటికన్నా తక్కువ ఎత్తునే తీసుకోండి, మిగిలిన సందును పైన సన్న పట్టీతో మూయవచ్చు. అరలు ఎక్కడ రావాలో, తలుపు బందులు ఎక్కడ పడాలో కూడా ఆ కర్ర మీదే గీసి, నేరుగా పలక మీద పెట్టి దింపుకోండి. నడుమ అంకే లేనప్పుడు తప్పుగా చదివే ప్రమాదం ఎక్కడిది?

రెండు గోడల మధ్య వెడల్పుకు రెండు బద్దలు కావాలి. పక్కపక్కన పెట్టి, ఒకటి ఇటు గోడకు, ఒకటి అటు గోడకు తగిలేదాకా జరిపి, రెండింటినీ కలుపుతూ అడ్డంగా గీత గీయండి. విడదీసినా ఆ గీత కలిపితే కొలత మళ్లీ వస్తుంది.

టేపు చివరి కొక్కెం కదులుతోందని బిగించవద్దు. లోపలా బయటా కొలత సరిపోవడానికే దాన్ని తన మందమంత కదిలేలా చేస్తారు.

పని ముగిశాక కర్రను పొయ్యిలో పెట్టకండి. ఏ గదిదో రాసి మేకుకు తగిలించండి, రేపు తలుపు మార్చాల్సి వస్తే మళ్లీ గట్టు కింద దూరనక్కరలేదు.