ఒక్క రాత్రి మెలట్టూరులో కూర్చుని రా

తమ్ముడూ,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. దాంతో పంపిన నాటిక రెండుసార్లు చదివాను. ఒక పత్రిక వాళ్ళు "కథ ముందే తెలిసిపోతోంది" అని తిప్పి పంపారని రాశావు, చివర్లో ఒక ట్విస్ట్ పెడితే సరిపోతుందా అని అడిగావు, ఏ పుస్తకాలు చదవాలో లిస్టు కూడా అడిగావు. లిస్టు తర్వాత పంపిస్తాను. ముందు నువ్వొక ఊరు వెళ్ళి రావాలి.

ఆ ఊరి పేరు మెలట్టూరు. తంజావూరు నుంచి పద్దెనిమిది కిలోమీటర్లు ఉంటుంది, చుట్టూ కావేరి పొలాలు. ప్రతి ఏడాదీ నృసింహ జయంతికి, అంటే వైశాఖ శుద్ధ చతుర్దశికి, అక్కడ భాగవత మేళ, అంటే పాటా ఆటా కలిసిన పురాణ నాటకాల పండగ, మొదలవుతుంది. వరదరాజ పెరుమాళ్ గుడి ముందు వీధిలో పందిరి వేసి, దేవుణ్ణి బయటికి తెచ్చి వేదికకి ఎదురుగా కూర్చోబెట్టి, ఆయన చూస్తుండగా రాత్రంతా నాటకం ఆడతారు. తర్వాత కొన్ని రాత్రులు ఇంకా వేరే నాటకాలుంటాయి, హరిశ్చంద్ర, ఉషా పరిణయం, మార్కండేయ, ఇలా. అన్నీ తెలుగులోనే. తమిళనాడు నడిమధ్యలో, తమిళం మాట్లాడే జనం ముందు, రెండు వందల ఏళ్ళకి పైగా తెలుగులోనే.

ఇదెలా జరిగిందంటే, విజయనగరం దెబ్బతిన్నాక తెలుగు దేశం నుంచి ఎన్నో కుటుంబాలు దక్షిణానికి వెళ్ళాయి కదా, వాళ్ళలో 510 కుటుంబాలకి తంజావూరు ఏలిన అచ్యుతప్ప నాయకుడు ఇల్లూ, నేలా, నుయ్యీ ఇచ్చి ఇక్కడ అగ్రహారం కట్టించాడని ఆ ఊరివాళ్ళు చెబుతారు. అందుకే ఊరికి ఒకప్పుడు అచ్యుతపురం అని పేరు. తర్వాత విజయరాఘవ నాయకుడు తనే యక్షగానాలు, అంటే పాటలతో నడిచే నాటకాలు, రాశాడు, ఆయన కొలువులో రంగాజమ్మ మన్నారు దాస విలాసం రాసింది, నాయకుల తర్వాత వచ్చిన మరాఠా రాజు శహాజీ కూడా తెలుగులోనే యక్షగానాలు రాశాడు. ఆ నీళ్ళు తాగి పెరిగిన మొక్క మెలట్టూరు వెంకటరామశాస్త్రి. ఇప్పుడక్కడ ఆడేవి ఎక్కువగా ఆయన రాసినవే. మనవైపు బీయే తెలుగు చదివినవాళ్ళలో ఎంతమందికి ఆయన పేరు తెలుసో ఒకసారి అడిగి చూడు. నాకు నలభై ఏళ్ళు వచ్చేదాకా తెలియదు, అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

నేను మొదటిసారి వెళ్ళింది ప్రహ్లాద చరిత్రకి. నువ్వూ ఆ రోజుకే వెళ్ళు. రాత్రి పది ప్రాంతంలో మొదలైంది. ముందు కోణంగి, అంటే నవ్వించే వేషగాడు, వచ్చాడు, పొడుగు టోపీ పెట్టుకుని గంతులేస్తూ, పిల్లలు నవ్వుతూ ముందుకి జరిగారు. తర్వాత వాద్యాలు, పాట, ఆ తర్వాత వినాయకుడి ముఖం తొడుక్కున్న చిన్న కుర్రాడు ఒకడు వచ్చి బుల్లి అడుగులతో ఆడి వెళ్ళాడు. అసలు కథ ఇంకా మొదలు కాలేదు. నా పక్కన చాప మీద కూర్చున్న ముసలావిడ హాయిగా తాంబూలం వేసుకుంటోంది, నేనొక్కణ్ణే గడియారం చూసుకుంటున్నాను.

అప్పుడు ఇద్దరు మనుషులు తెర పట్టుకుని నిలబడ్డారు, తెర వెనక హిరణ్యకశిపుడు. పాట మొదలైంది. వస్తున్నవాడు ఎవడో, ఎలా వస్తున్నాడో, ఏం చేసినవాడో ఆ పాట చెబుతోంది, దీన్నే ప్రవేశ దరువు అంటారు. తెర పైన కిరీటం మాత్రం కనిపిస్తుంది, కింద గజ్జెలు, తెర అటూ ఇటూ ఊగుతుంది, ఒక్కసారిగా తీసేస్తారు అనుకుంటావు, తీయరు, ఇంకో చరణం. చివరికి తెర తీసేసరికి ఆ మనిషి నాకు పదేళ్ళుగా తెలిసినవాడిలా అనిపించాడు. ఇంతవరకూ అతను ఒక్క మాట మాట్లాడలేదు! నీ నాటికలో పెద్దాయన గుమ్మంలోంచి వచ్చి కుర్చీలో కూర్చుని వెంటనే ఆస్తి పంపకాల గురించి మొదలుపెడతాడు. ఆయన ఎవరో నాకు తెలియదు, ఆ ఇంట్లో ఆయన అడుగుల చప్పుడు వినబడితే ఎవరు లేచి నిలబడతారో, ఎవరు టీవీ కట్టేస్తారో తెలియదు, అందుకే ఆయన అరిచినా నాకు భయం వేయలేదు. పాత్రని లోపలికి తీసుకురావడం ఎంత పనో ఆ తెర దగ్గర చూస్తే నీకు ఒంటికి తెలుస్తుంది. నేను చెప్తే చెవికి మాత్రమే తెలుస్తుంది.

రెండో సంగతి లీలావతి. ప్రహ్లాదుడి తల్లి. మన బళ్ళో పోతన పద్యాలు చదివేటప్పుడు తండ్రీ కొడుకుల వాదం బట్టీ పట్టాం, తల్లి గురించి ఎవరమూ అడగలేదు. అక్కడ నాటకాన్ని మోసేది ఆవిడే. భర్తని బతిమాలుతుంది, కొడుకుని బతిమాలుతుంది, ఇద్దరూ వినరు, మళ్ళీ భర్త దగ్గరికి వెళుతుంది. ఆ వేషం వేసేది మగవాడే, ఆడ పాత్రలన్నీ మగవాళ్ళే వేయడం అక్కడి ఆచారం. ఆ సాయంత్రం ఆయన్ని నేను వీధి అరుగు మీద చూశాను, లుంగీ కట్టుకుని ఫోన్‌లో ఎవరితోనో సెలవు పొడిగించడం గురించి మాట్లాడుతున్నాడు. అక్కడి నటుల్లో చాలామంది బయట ఊళ్ళలో ఉద్యోగాలు చేసుకునేవాళ్ళే, పండక్కి సెలవు పెట్టుకుని వస్తారు. రాత్రి రెండు దాటాక అదే మనిషి జడ వేసుకుని, కొంగు వేళ్ళకి చుట్టుకుంటూ విప్పుకుంటూ, కొడుకు వైపు ఒక అడుగు వేసి ఆగిపోయాడు. చెయ్యి సగం దాకా లేచింది, అక్కడే ఉండిపోయింది. నా పక్కన ముసలావిడ కళ్ళు తుడుచుకుంది. ఆవిడకి తెలుగు రాదు. నేను తర్వాత అడిగాను, వచ్చీరాని తమిళంలో. పాటలు చిన్నప్పటి నుంచి విన్నానని, మాటలకి అర్థం తెలియకపోయినా ఎక్కడ ఏడుపొస్తుందో తెలుసని చెప్పింది.

మర్నాడు ఒక కుర్రాడు తన పాఠం నోటుబుక్ చూపించాడు. తెలుగు నాటకం, రాసింది తమిళ లిపిలో. తమిళంలో ప, ఫ, బ, భ అన్నిటికీ ఒకటే అక్షరం కదా, అందుకని ఆ అక్షరం నెత్తిన చిన్న అంకె వేసుకున్నాడు, బకి 3, భకి 4. అలా పేజీ నిండా అంకెలు. "భక్తి" అన్న మాట దగ్గర 4 చెరిగిపోతే మళ్ళీ ఎర్ర పెన్నుతో దిద్దుకున్నాడు. వాళ్ళింట్లో మాట్లాడేది తమిళమే. మన ఒత్తక్షరం ఒకటి తప్పు పలక్కూడదని ఎర్ర పెన్ను పట్టుకున్న ఆ కుర్రాణ్ణి చూశాక, నేను రాసే వాక్యాన్ని ఒకసారి పైకి చదవకుండా ఎవరికీ పంపడం మానేశాను. నీ నాటిక కూడా పైకి చదువు. నాలుగో పేజీలో కూతురి మాటలు నోట్లో తిరగవు, చదివితే నీకే తెలుస్తుంది.

ఇక స్తంభం. నీ ప్రశ్నకి అసలు జవాబు ఇక్కడుంది. వీధిలో కూర్చున్న ప్రతి ఒక్కరికీ స్తంభంలోంచి ఎవరొస్తారో తెలుసు. ఐదేళ్ళ పిల్లకి కూడా తెలుసు. అయినా తెల్లవారుజామున నిద్రపోతున్న పిల్లల్ని తల్లులు తట్టి లేపడం మొదలుపెట్టారు. నరసింహుడి ముఖం ఊరికే వేషం సామాను అనుకోకు, దానికి పూజ జరుగుతుంది, అది పెట్టుకునే మనిషి ఆ రోజు ఉపవాసం ఉంటాడు. "చూపించరా నీ హరిని" అన్నట్టు తండ్రి అడుగుతున్నాడు, కొడుకు ఉన్నాడంటున్నాడు, మళ్ళీ అడుగుతున్నాడు, వీధి మొత్తం ఊపిరి బిగబట్టింది. స్తంభం పగిలి ఆ ముఖం బయటికి రాగానే జనం లేచి నిలబడ్డారు, కొందరు దణ్ణం పెడుతున్నారు, ఆ నటుడికి పూనకం వచ్చి ఊగిపోతుంటే మనుషులు పట్టుకుని ఆపుతున్నారు. నేను నాస్తికుణ్ణో ఆస్తికుణ్ణో ఆ క్షణాన నాకు గుర్తులేదు. ఒళ్ళంతా వణికింది.

ఆ వణుకు ఎక్కడిదని చాలాకాలం ఆలోచించాను. ఏం జరుగుతుందో తెలియకపోవడం వల్ల రాలేదు. తెలిసినదాన్ని ఆరేడు గంటలు ఆపి ఉంచినందుకు వచ్చింది, మధ్యలో ఆ తల్లి చెయ్యి సగంలో ఆగినందుకు వచ్చింది. నీ నాటికలో అన్నదమ్ములు విడిపోతారని రెండో పేజీలోనే తెలిసిపోతుంది, తెలియనీ. వాళ్ళు విడిపోకూడదని నేను కోరుకునేలా చేసే మనిషి ఒక్కరు కావాలి అందులో. వదినగారికి ఆరు మాటలే ఇచ్చావు, నాకైతే ఆవిడే లీలావతి అనిపిస్తోంది.

ఒకరోజు ముందే తంజావూరు చేరుకో, తిరువయ్యారు కూడా చూడొచ్చు, దగ్గరే. త్యాగరాజు సమాధి దగ్గర కాసేపు కూర్చో. ఆయన కూడా ఇదే కథ మీద ప్రహ్లాద భక్తి విజయం రాశాడు, ఇదే నేల మీద, తెలుగులోనే. కానీ ఆయన నాటకంలో హిరణ్యకశిపుడు పాత్రగా రానే రాడు, స్తంభం జోలికే పోలేదు. ప్రహ్లాదుణ్ణి కట్టేసి సముద్రంలో పడేసిన చోట ఎత్తుకుని, హరి కోసం అతని ఎదురుచూపు మీదే మొత్తం నడిపాడు. అంత పెద్ద ఘట్టాన్ని వదులుకోవడానికి ఎంత గుండె కావాలో చూడు. ఇద్దరు రచయితలు, ఒకటే కథ, ఎత్తుకున్న చోటు వేరు. తంజావూరు కోటలో సరస్వతీ మహల్ లైబ్రరీ ఉంది, తెలుగు యక్షగానాల తాళపత్రాలు అక్కడే ఉన్నాయి, ఆ లైబ్రరీ వాళ్ళు అచ్చువేసిన పుస్తకాలు దొరికితే కొనుక్కో. నువ్వడిగిన లిస్టులో మొదటివి అవే అనుకో.

మామూలు సంగతులు కొన్ని. చెన్నై నుంచి తంజావూరుకి రైళ్ళున్నాయి, అక్కడి నుంచి బస్సు. పండగ రోజుల్లో ఊళ్ళో గది దొరుకుతుందని నమ్ముకోవద్దు, తంజావూరులోనో కుంభకోణంలోనో దిగు. టికెట్ లేదు, వీధిలో ఎవరైనా కూర్చోవచ్చు. మే నెల ఎండ, ఉక్క, దోమలు కూడా, పలచటి దుప్పటి, నీళ్ళ సీసా పెట్టుకో. మధ్యాహ్నం కచ్చితంగా పడుకో, లేకపోతే స్తంభం టైముకి గురక పెడతావు. ఫోన్‌లో వీడియో తీయకు, ఒక్క రాత్రికి జేబులో పెట్టెయ్. ఊళ్ళో రెండు బృందాలున్నాయి, ఎవరిది గొప్ప అనే మాటలు చెవిన పడతాయి, నువ్వు రెండూ చూడు.

డబ్బుకి ఇబ్బందైతే మొహమాటపడకుండా చెప్పు. పంచాంగం చూసి తేదీ రాయి, నా మోకాళ్ళు ఒప్పుకుంటే నేనూ వస్తాను. నువ్వు ముందు చేరితే గుడికి కుడివైపు, తెర పట్టేవాళ్ళు దగ్గరగా కనబడేచోట ఇద్దరికి సరిపడా చాప పరిచి ఉంచు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు