సస్పెన్షన్ ముట్టుకోలేదు, టైర్లు మాత్రమే మార్చాను.. తప్పవుతుందా?

ప్రశ్న: మా ఫోర్ బై ఫోర్ బండికి కంపెనీ ఇచ్చిన టైర్లు 245/75 ఆర్16. అవి అరిగిపోయాయి. వాటి స్థానంలో 285/75 ఆర్16 వేయిద్దామనుకుంటున్నాను. బండి ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ వేయను, సస్పెన్షన్ కంపెనీదే ఉంటుంది. ‘ఆర్‌సీలో టైరు సైజే ఉండదు, కాబట్టి ఇది మాడిఫికేషన్ కిందికి రాదు, పైగా మూడు శాతం దాకా తేడా చెల్లుతుంది’ అని టైర్ల షాపులో చెప్పారు. నిజమేనా? రేపు ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వస్తుందా?

జవాబు: షాపులో చెప్పిన మాటలు నమ్ముకుని 285 వేయించకండి. ముందు లెక్క చూద్దాం. టైరు సైజులో మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు, రెండోది ఆ వెడల్పులో టైరు పక్కగోడ ఎత్తు ఎంత శాతమో, ఆర్ తర్వాతది రిమ్ము వ్యాసం అంగుళాల్లో. 245/75 ఆర్16 టైరు వ్యాసం సుమారు 774 మిల్లీమీటర్లు. 285/75 ఆర్16ది 834. అంటే తేడా 60 మిల్లీమీటర్లు, దాదాపు ఏడుముప్పావు శాతం. వాళ్లు చెప్పిన మూడు శాతానికి ఇది రెండింతలు దాటింది. అసలు ఆ మూడు శాతం టైర్ల వ్యాపారంలో వాడుకలో ఉన్న కొలమానమే, మోటారు వాహనాల చట్టంలో ఆ మాట లేదు.

మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 ప్రకారం రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా యజమాని బండిని మార్చకూడదు. సొంత వాడకం కార్ల ఆర్‌సీ కార్డు మీద టైరు సైజు సాధారణంగా కనపడదు కాబట్టి, మీ షాపువాళ్ల వాదనను కోర్టులో వినిపించవచ్చు. కానీ గెలుస్తామని దాని మీద భరోసా పెట్టుకోలేం. కేరళ నుంచి వచ్చిన ఆర్టీఓ వర్సెస్ కె. జయచంద్ర కేసులో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు తయారీదారు ఇచ్చిన మూల స్పెసిఫికేషన్లను మార్చకూడదన్న అంశానికే బరువు ఇచ్చింది. మీ డ్రైవర్ డోరు తెరిస్తే పిల్లర్ మీద టైరు సైజు, గాలి ఒత్తిడి రాసిన స్టిక్కర్ ఉంటుంది. మూల స్పెసిఫికేషన్ ఏమిటని ఎవరు అడిగినా చూసేది దాన్నీ, ఓనర్స్ మాన్యువల్‌నూ.

2019 సవరణతో సెక్షన్ 182ఎ(4) వచ్చింది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ‘ఒక్కో మార్పుకు’ అన్న మాట గుర్తుంచుకోండి. టైరు వెడల్పయిందని స్పేసర్లు (చక్రాన్ని బయటికి జరిపే బిళ్లలు), చక్రాలు బయటికి వచ్చాయని ఫెండర్ ఫ్లేర్లు (చక్రం పైన ఉండే రేకును వెడల్పు చేసే అంచులు) అంటూ పోతే ప్రతిదాన్నీ విడిగా లెక్కగట్టే వీలుంది. ఇంకో సంగతి, ఈ సెక్షన్ శిక్షించేది మార్పు చేయడాన్నే. ‘కొండల్లో తిరగడానికే వేశాను, రోడ్డు మీద తక్కువ నడుపుతాను’ అంటే అది రక్షణ కాదు. రోడ్డు భద్రతా ప్రమాణాలను ఉల్లంఘించే బండిని బహిరంగ ప్రదేశంలో నడిపితే సెక్షన్ 190(2) కూడా పెట్టవచ్చు.

ఇక బండి సంగతి. ఇది చట్టానికి సంబంధం లేని విషయమని అనుకోకండి, ప్రమాదం తర్వాత ఇన్సూరెన్స్ సర్వేయరు రిపోర్టులో రాసేవి ఇవే. వ్యాసం 60 పెరిగితే బండి లేచేది 30 మిల్లీమీటర్లే. హబ్ (చక్రం మధ్యభాగం) నుంచి చూస్తే టైరు అంచు పైకి, ముందుకి, వెనక్కి కూడా 30 మిల్లీమీటర్లు జరుగుతుంది. సస్పెన్షన్ పాతదే కాబట్టి బంప్ స్టాప్ (చక్రం మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మ) ఉన్నచోటే ఉంటుంది. చక్రం గుంతలో పడి పైకి నొక్కుకున్నప్పుడు టైరుకు, ఫెండర్‌కు మధ్య ఉండాల్సిన ఖాళీలో ఆ 30 పోతుంది. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు ముందు టైరు లోపలి భుజం సస్పెన్షన్‌లోని కంట్రోల్ ఆర్మ్‌కో, యాంటీ రోల్ బార్‌కో రాసుకుంటుంది. వెనక అంచు లైనర్‌ను (ఫెండర్ లోపలి ప్లాస్టిక్ తొడుగును) కోస్తుంది. బండి నిలిపి ఉంచి చూస్తే ఇవేవీ కనిపించవు. టైరు భుజాలకు సుద్ద పూసి, ఒక ముందు చక్రాన్ని, దానికి ఎదురు మూల వెనక చక్రాన్ని ర్యాంపుల మీదకు ఎక్కించి, స్టీరింగు ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి. లైనర్ మీద తెల్ల గీత పడిందంటే అక్కడ తగులుతున్నట్టే. రిమ్ము కూడా చూడాలి. ఏడున్నర అంగుళాల కన్నా సన్నని రిమ్ముకు 285 తగదు.

స్పీడోమీటర్ 100 చూపుతుంటే నిజంగా మీరు 107 దాటి పోతుంటారు (మీటరు ఇప్పటిదాకా కచ్చితంగా చూపుతోందనుకుంటే). ఓవర్‌స్పీడ్ చలాన్ వస్తే మీటరు తక్కువ చూపించిందని చెప్పుకోలేరు, దాన్ని అలా చేసింది మీరే అవుతారు. బ్రేకు పట్టు అదే, చక్రం మాత్రం పెద్దదీ బరువైనదీ అయ్యేసరికి ఆగే దూరం పెరుగుతుంది.

ఇన్సూరెన్స్‌ను రెండుగా విడదీసి చూడాలి. ఎదుటివారికి దెబ్బ తగిలితే ఇచ్చే థర్డ్ పార్టీ పరిహారం నుంచి కంపెనీ తప్పించుకోగల కారణాలు సెక్షన్ 150లో పరిమితంగానే ఉన్నాయి. టైరు సైజు వాటిలో పేరు పెట్టి లేదు. అసలు చిక్కు మీ బండికి జరిగిన నష్టానికిచ్చే ఓన్ డ్యామేజ్‌తోనే. చెప్పకుండా మార్పు చేశారని క్లెయిమ్ తిరస్కరించే ప్రమాదముంది. అలా జరిగితే వదిలేయకండి. నిలిపి ఉంచిన బండిని వెనక నుంచి ఎవరో గుద్దితే దానికీ టైరు సైజుకూ సంబంధం ఏమిటని నిలదీయవచ్చు. పాలసీ షరతు ఉల్లంఘించినా క్లెయిమ్‌ను మొత్తంగా కొట్టేయక్కర్లేదని, నాన్ స్టాండర్డ్ పద్ధతిలో (అంటే కొంత కోత పెట్టి) 75 శాతం దాకా ఇవ్వవచ్చని అమలేందు సాహూ కేసులో 2010లో సుప్రీంకోర్టు అంగీకరించింది. అది అద్దెకు తిప్పిన సొంత కారు కేసు, అయినా ఆ సూత్రాన్ని ఉదహరించవచ్చు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి రెండేళ్ల గడువు. అయితే బోల్తా పడటం, బ్రేకు అందకపోవడం, టైరు పేలడం వంటి ప్రమాదాల్లో ఈ వాదన బలం చాలా తగ్గిపోతుంది.

నా సలహా: మీ మోడల్‌లో ఏ వేరియంట్‌కైనా తయారీదారు ఇచ్చిన సైజుల్లోనే ఎంచుకోండి. మీ వేరియంట్‌కు ఆ సైజు వాడవచ్చా అని తయారీదారును ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. షోరూంలో నోటిమాటగా ‘పర్లేదు సార్’ అంటే అది సాక్ష్యం కాదు. 265/75 ఆర్16 వ్యాసం 804, తేడా దాదాపు నాలుగు శాతం. సాంకేతికంగా చిక్కులు తక్కువే, కానీ తయారీదారు ఒప్పుకోకపోతే చట్టం దృష్టిలో దాని పరిస్థితి కూడా 285 లాంటిదే. సైజు పెంచకుండా 245/75లోనే ఆల్ టెర్రైన్ (రోడ్డుకూ మట్టిదారికీ పనికొచ్చే) టైర్లు వేయిస్తే మీకు కావలసిన పట్టులో చాలా వరకు దొరుకుతుంది, ఈ తలనొప్పులూ ఉండవు. ఏది వేసినా లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువు), స్పీడ్ రేటింగ్ (తట్టుకోగల వేగం) పాతవాటికన్నా తగ్గకూడదు. బిల్లు మీద సైజు రాయించుకోండి. సైజు మారితే పాలసీలో ఎండార్స్‌మెంట్ (ఆ మార్పు నమోదు) కోసం ఇన్సూరెన్స్ కంపెనీకి లిఖితపూర్వకంగా తెలపండి. స్టెప్నీని కూడా అదే సైజుకు మార్చండి. పార్ట్ టైమ్ ఫోర్ వీల్ (అవసరమైనప్పుడే నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే) బండిలో ఒక్క చక్రం సైజు తేడాగా ఉన్నా, ఫోర్ వీల్ వేసి గట్టి రోడ్డు మీద నడిపితే ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె) బిగుసుకుపోతుంది.