బీవీఎస్సీకి ముందు బీఎస్సీ చేయాలా?

అన్నా, పశువైద్యం చదవాలంటే పాపను ముందు ఏ బీఎస్సీలో చేర్పించాలని అడిగారు కదా. ముందు వేరే డిగ్రీ అవసరమే లేదు. అమెరికాలో అయితే డిగ్రీ స్థాయిలో బయాలజీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్ లాంటివి చదివాకే నాలుగేళ్ల డీవీఎంకు (అక్కడి పశువైద్య డిగ్రీ) వెళ్తారు. మనకు ఇంటర్ బైపీసీతోనే బీవీఎస్సీ, అంటే మన పశువైద్య డిగ్రీ. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. మీ కడప జిల్లా ప్రొద్దుటూరులోనే కాలేజీ ఉంది. ఆలిండియా కోటా 15 శాతం సీట్లకు నీట్ ర్యాంకే చూస్తారు. అందులో బాటనీ కూడా ఉంటుంది, కాబట్టి దాన్ని తేలిగ్గా తీసుకోనివ్వద్దు.

సీటు రాకపోతే టెన్షన్ పడకండి. జువాలజీ, బయోకెమిస్ట్రీ ఉన్న బీఎస్సీలో చేరి నీట్ మళ్లీ రాయొచ్చు, ఆ పరీక్షకు గరిష్ఠ వయోపరిమితి లేదు. అన్నిటికంటే ముందు పాపను దగ్గర్లోని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. భుజం దాకా గ్లౌజు తొడుక్కుని, ఆవు చూడి కట్టిందో లేదో డాక్టర్ చెయ్యి పెట్టి చూస్తారు. అది దగ్గర నిలబడి చూశాకే నిర్ణయం తీసుకోమనండి.